భోజనం స్పీడు

“బెల్టు స్పీడు మీరు ముట్టుకున్నారా?”

లక్ష్మీదుర్గ తల అడ్డంగా ఊపింది. “లేదండీ.”

ఆ ‘లేదండీ’ కాస్త ఆలస్యంగా వచ్చింది. చంద్రకళ ఇరవై రెండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, పై అధికారితో పడక రాజీనామా ముఖాన కొట్టి, ఏలూరు పవరుపేటలో ప్రైవేటు డిటెక్టివుగా బోర్డు కట్టుకున్న మనిషి. అబద్ధాల్లో రకాలు ఆవిడకి తెలుసు. తనకోసం చెప్పుకునే అబద్ధం గబుక్కున వస్తుంది. ఇంకొకరి కోసం చెప్పేది గొంతులో ఒకసారి ఆగి, అప్పుడు వస్తుంది. ఇది రెండో రకం. ఎవరి కోసమో మాత్రం అంతుపట్టలేదు.

తాడేపల్లిగూడెం పోలీస్ స్టేషన్ వెనక గదిలో ఇద్దరే ఉన్నారు. మంగళవారం మధ్యాహ్నం మూడు కావస్తోంది. లక్ష్మీదుర్గకి నలభై దాటి ఉండవు. ఊరి చివర మోటారు బుష్షుల ఫ్యాక్టరీలో, కొలిమిలోకి పోయే బెల్టు మీద వాటిని పేర్చే పని. అదే కొలిమి సూపర్‌వైజరు సుబ్బరాజు ఆదివారం పౌడరు గదిలో ఊపిరాడక చచ్చిపోయాడు. గదికి బయటనుంచి గడియ పెట్టి ఉంది. లోపల నైట్రోజన్ గొట్టం పూర్తిగా తిప్పేసి ఉంది. గడియ మీద వేలిముద్రలు లక్ష్మీదుర్గవి.

“మళ్లీ మొదట్నుంచి చెప్పండమ్మా.”

“ఆయ్. ఆదివారం ప్రెస్సులుండవండి, కొలిమి ఒక్కటే నడుస్తుంది. పొద్దున్న ఆయన, మూడింటి నుంచి నేను. నేనెళ్లేసరికి ఆయన కనపడలేదండి. బెల్టు నడుస్తానే ఉంది. కొలిమి నోటి దగ్గర ఇంకో జానెడు మేర బుష్షులున్నాయి. బయటికెళ్లుంటారులే అనుకుని ట్రేలో ఉన్నవి పేర్చానండి. అయిపోయాక ఇంకో ట్రే తెచ్చుకుందామని పౌడరు గదికెళ్లాను. బయట గడియేసుంది. తీస్తే...” ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “బయటికి లాగానండి. భారీ మనిషి కదండీ, గడప దాటించలేకపోయాను.”

“ఆయనకీ మీకూ గొడవయిందట?”

“బుష్షులు విరగ్గొట్టానని అందరి ముందూ తిట్టారండి. మర్నాడు ఆయనే పిలిచి, మనసులో పెట్టుకోకమ్మా అన్నారు. ఆ మాట అన్నప్పుడు మాత్రం పక్కన ఎవరూ లేరండి. నా రాత అది.”

“మీవాళ్లెవరైనా వచ్చారా ఇక్కడికి?”

“నాకెవరున్నారండీ. కొల్లేటి లంకలో ఇల్లుంది. దానికి తాళం ఉంది. అంతేనండి. పొద్దున్న నన్ను తెచ్చినప్పట్నుంచీ మా మేనేజరు శ్యామ్ సుందర్ గారే క్యారేజీ తెస్తున్నారు. దేవుడండి ఆయన.”

చంద్రకళకి ఆ తాళం మాట చివుక్కుమనిపించింది. పవరుపేటలో తన ఇంటికీ తాళంచెవి ఒక్కటే. రెండోది చేయించాల్సిన అవసరం ఇన్నేళ్లలో రాలేదు. రాత్రి ఇంటికి చేరకపోతే ఎక్కడున్నావని అడిగేవాళ్లు తనకీ లేరు. అయితే తనని రేపు రిమాండుకి పంపడం లేదు. ఈవిణ్ణి పంపుతున్నారు.

ఫ్యాక్టరీకి వెళ్లేసరికి శ్యామ్ సుందర్ గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. నలభై అయిదేళ్ల మనిషి, మెత్తటి మాట, ఇస్త్రీ చొక్కా. యజమాని భీమవరంలో ఉంటాడు. ఫ్యాక్టరీ తొందరగా తెరిపించుకోవాలని చంద్రకళని ఫోన్లోనే కుదుర్చుకున్నాడు. మిగతా వ్యవహారమంతా ఈయనదే.

“ముందు ఇక్కడేం పని జరుగుతుందో చెప్పండి. నేను లెక్కల్లో అత్తెసరు మార్కుల దాన్ని, తేలిగ్గా చెప్పండి.”

శ్యామ్ సుందర్ నవ్వి, ట్రేలోంచి ఉంగరంలాంటి బుష్షు ఒకటి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. “ఇది పచ్చి బుష్షండి. కంచు పొడిని అచ్చులో పోసి టన్నుల బరువుతో నొక్కితే ఇలా వస్తుంది. జాగ్రత్తండీ...”

అనేలోపే అంచు పుటుక్కుమంది. చంద్రకళ వేళ్ల సందుల్లోంచి పొడి రాలింది. నెయ్యి తక్కువైన సున్నుండ ఇలాగే చేతిలో కూలిపోతుంది.

“ఇదే బుష్షు ఈ బెల్టు మీద ఎక్కి, కొలిమిలో ఎనిమిది వందల డిగ్రీల వేడిలోంచి బయటికొచ్చిందనుకోండి, ఇక చేత్తో విరవలేరు. కరగదండి. కరిగితే ముద్దయిపోద్ది. కరిగేదాకా పోకుండానే పక్కపక్కనున్న రేణువులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. సింటరింగ్ అంటారు. మధ్యలో కంటికి కనపడని సందులు మిగుల్తాయి, వాటిల్లోకి నూనె పట్టిస్తాం. కొల్లేరు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లున్నాయి చూశారూ, నీళ్లని చిలికి గాలి కలిపేవి? వాటి మోటార్లకి మావే బుష్షులు.”

“ఎక్కువసేపు వేడిలో ఉంటే?”

“ముడుచుకుంటుందండి. లోపలి రంధ్రం బిగుసుకుపోద్ది, ఇరుసు దూరదు. అందుకే బెల్టు స్పీడు ఎప్పుడూ నలభై మీదే ఉండాలి. ఇక్కడ ఎవరూ దాన్ని ముట్టుకోరు. నేను ముట్టుకోనివ్వను.” ఆ మాట అంటున్నప్పుడు గొంతులో గర్వం వినిపించింది.

“నైట్రోజన్ దేనికి?”

“వేడిలో గాలి తగిలితే బుష్షులు నల్లబడిపోతాయండి. అందుకని కొలిమిలో నైట్రోజన్ నింపుతాం. ఇక్కడి తేమకి పొడి గడ్డ కట్టకుండా పౌడరు గదికీ సన్నగా ఒక గొట్టం ఇచ్చాం. పచ్చి బుష్షుల ట్రేలూ అక్కడే ఉంటాయి. పూర్తిగా తిప్పి తలుపేస్తే మాత్రం... వాసనుండదు, రంగుండదు. మనిషికి తెలిసేలోపే స్పృహ పోద్ది.”

కొలిమి నోటికి ముందు బెల్టు ఒక బల్ల మీదుగా పాకుతూ వస్తుంది. బుష్షులు పేర్చేది ఆ బల్ల మీదే. దాన్ని నిండా పేరిస్తే ఎంతసేపు సరిపోతుందని చంద్రకళ అడిగింది. అరగంట అన్నాడు శ్యామ్ సుందర్. అంటే మూడింటికి లక్ష్మీదుర్గ వచ్చేసరికి చివర జానెడు మేర మిగిలి ఉందంటే, ఆ బల్ల నిండింది రెండున్నర దాటాకే. ఇక్కడి సి.ఐ. హేమంత్‌కుమార్ కేసంతా నిలబెట్టింది ఈ లెక్క మీదే. రెండున్నర దాకా సుబ్బరాజు బతికి ఉన్నాడు, మూడింటికి అక్కడ ఉన్నది లక్ష్మీదుర్గ ఒక్కతే.

“రెండున్నరకి నేను స్వయంగా చూశానండి,” అన్నాడు శ్యామ్ సుందర్. “టీ తీసుకెళ్లిచ్చాను. బుష్షులు పేరుస్తూ, అక్కడ పెట్టండి సార్ అన్నారు. నేను పెంటపాడు మిల్లుకి వెళ్లిపోయాను. రెండూ నలభైకల్లా అక్కడ నలుగురి మధ్య కూర్చున్నాను. ఇంకో పావుగంట ఇక్కడే ఉంటే మనిషి దక్కేవాడేమో.” కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “మీరు చూసుకుంటూ ఉండండి. పాపం ఆవిడకి క్యారేజీ ఇచ్చి రావాలి.”

ఆయన వెళ్లాక షెడ్డులో చంద్రకళ ఒక్కతే మిగిలింది.

ఆదివారం పూట కొలిమి దగ్గర డ్యూటీ అంటే ఇదన్నమాట. చుట్టూ ప్రెస్సులు ఆగిపోయి ఉంటాయి. మాట్లాడేవాడుండడు. ఎనిమిది గంటలపాటు ఒక మనిషి, ఒక బెల్టు. సుబ్బరాజు కూర్చునే ఇనుప స్టూలు మీద తువ్వాలు మడత పెట్టి ఉంది. మేకుకి చిన్న అద్దం తగిలించి ఉంది. పెళ్లి చేసుకోలేదు, ఫ్యాక్టరీ వెనక గదిలోనే కాపురం, మెస్సు భోజనం. శవాన్ని తీసుకెళ్లడానికి కూడా యాభై కిలోమీటర్ల అవతల్నుంచి దూరపు చుట్టం ఒకాయన వచ్చాడట. ముఖమైనా చూడని ఆ మనిషి మీద చంద్రకళకి ఉన్నట్టుండి జాలి ముంచుకొచ్చింది. పొడికి కాస్త వేడి తగిలితే చాలు, పక్కదాన్ని పట్టుకుంటుంది. మనుషుల విషయం అంత తేలిక కాదు.

జాలి సంగతి తర్వాత, పని చూడాలి. స్టూలు పక్కన బెంచీ మీద మెస్సు క్యారేజీ ఉంది. పోలీసులు దానికి చీటీ అంటించి వదిలేశారు. చంద్రకళ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పై గిన్నె మూత ఎత్తింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. రెండో గిన్నెలో కోడికూర. రెండు రోజుల కంపుకి కళ్లు తిరిగాయి. మూత వేసేసి, అక్కడే నిలబడి ఆలోచించింది. గోదావరి జిల్లాలో పుట్టినవాడు, ఆదివారం పూట, పక్కన కోడికూర క్యారేజీ పెట్టుకుని, రెండున్నర దాకా విప్పకుండా ఉంటాడా? ఉపవాసమైతే అసలు తెప్పించుకోడు.

పౌడరు గది తలుపుకి చుట్టూ రబ్బరు అంచు ఉంది. లోపల పొడి డ్రమ్ములు వరసగా ఉన్నాయి. ఒకదాని మూత తీసి వంగి చూస్తుంటే భుజం మీది హ్యాండుబ్యాగు జారి డ్రమ్ము అంచుకి తగిలింది. పైకి తీసేసరికి బ్యాగు బొత్తానికి బూడిదరంగు పొడి గడ్డంలా వేలాడుతోంది. ఆ బొత్తంలో అయస్కాంతం ఉంది. కంచు అయస్కాంతానికి అంటదని ఎనిమిదో తరగతి పిల్లలకీ తెలుసు. మిగతా డ్రమ్ములకీ పెట్టి చూసింది. అన్నిట్లోనూ ఇనుప రజను కలిపేశారు. ఆ బుష్షులు నీళ్లలో తుప్పుపట్టి బిగుసుకుపోతాయి, ఏరేటర్లు ఆగిపోతాయి, తెల్లారేసరికి చెరువులో రొయ్యలు తేలిపోతాయి. సుబ్బరాజు పుట్టింది ఆ చెరువుల మధ్యనే. ఇది కనిపెట్టి ఉంటే ఊరుకునేవాడు కాదు. పొడి కొనేది ఎవరు? మేనేజరు. కానీ ఆయన పెంటపాడులో నలుగురి మధ్య కూర్చున్నాడు కదా. ఆ రెండున్నర టీ గ్లాసు దగ్గరికొచ్చేసరికి ఆలోచన ఆగిపోతోంది.

అప్పుడు బెల్టు స్పీడు తిప్పే మర దగ్గరికి వెళ్లింది. ముల్లు నలభై మీద ఉంది. చంద్రకళ సెల్‌ఫోను లైటు వేసి దగ్గరగా చూసింది. నలభై దగ్గర పెయింటు గీత. పది దగ్గర ఇంకో గుర్తు ఉంది. ఎర్రటి గోళ్ల రంగు, చిన్న చుక్క. చెయ్యి తగిలి తగిలి సగం అరిగిపోయింది. ఎవరూ ముట్టుకోని మర మీద అరిగిపోయిన చుక్క ఎలా వచ్చింది?

కొలిమి అవతలి కొసన, బయటికొచ్చిన బుష్షులు జారి పడే పెట్టె ఉంది. ఆదివారం పడ్డవి పడ్డట్టే ఉన్నాయి, అడుగున పొద్దుటివి, పైన సాయంత్రానివి. తనిఖీ బల్లకి తాడుతో కట్టిన ఇనుప పిన్ను వేలాడుతోంది, బుష్షు రంధ్రం కొలత చూసేది. చంద్రకళ నేల మీద చతికిలబడి, పిన్ను పుచ్చుకుని, పైనుంచి ఒక్కొక్కటే తీసి చూడటం మొదలుపెట్టింది.

పైవాటిలో పిన్ను సులువుగా దిగింది. ఇంకొన్ని తీసింది. దిగింది. మధ్య పొరకి వచ్చేసరికి పిన్ను మూతి దగ్గరే ఆగిపోయింది. ఇంకోటి, అదీ అంతే. రెండు బుష్షులు ఒకదానికొకటి అతుక్కుని విడదీయరాకుండా ఉన్నాయి. ఆ పొర అంతా బిగుసుకుపోయినవే. అడుగు పొరలో మళ్లీ పిన్ను హాయిగా దిగింది.

“పనిమనుషులు దొరకట్లేదని ఫ్యాక్టరీవాళ్లు మిమ్మల్ని పెట్టుకున్నారా మేడం?”

గుమ్మంలో సి.ఐ. హేమంత్‌కుమార్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు చంద్రకళ దగ్గరే ట్రైనింగు అయినవాడు. ఆ సంగతి గుర్తు చేస్తే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి. బయట పొద్దు వాలిపోతోంది.

“నీ కేసు ఏరుకుంటున్నాను. పెట్టెలో పడేసి పోయావుగా.”

“వేలిముద్రలున్నాయి, గొడవుంది, టైముంది. ఇంకేం కావాలండీ మీకు?”

“టైము తప్పు.” చంద్రకళ లేచి చీర దులుపుకుంది. “నువ్వు బెల్టుని గడియారం అనుకున్నావు. బాగానే అనుకున్నావు. ఆ గడియారం మధ్యాహ్నం నెమ్మదిగా నడిచింది. ఇదిగో, పై బుష్షులో పిన్ను దూరుతోంది. అడుగుదాన్లోనూ దూరుతోంది. మధ్యలోవి చూడు.”

హేమంత్‌కుమార్ పిన్ను తీసుకుని నొక్కాడు. దూరలేదు. ఇంకో బుష్షు తీసుకున్నాడు. ఇంకోటి తీసుకున్నాడు.

“వేడిలో ఎక్కువసేపు కూర్చుంటేనే ఇవి బిగుసుకుంటాయి. అంటే కొంతసేపు బెల్టు నత్తనడక నడిచింది. ఆ మర మీద పది దగ్గర ఎర్ర చుక్క ఉంది, చూసుకో. నలభైలో పది అంటే నాలుగో వంతు. అరగంటకి సరిపోయే బల్ల అప్పుడు రెండు గంటలు సరిపోతుంది. మూడింటికి దాదాపు ఖాళీ అయిందంటే నిండింది ఎప్పుడు?”

“ఒంటిగంటకి.” మాట అన్నాక గాని తనే చెప్పానని అతనికి తెలియలేదు. వెంటనే సర్దుకున్నాడు. “ఎవరైనా పొరపాటున తిప్పుండొచ్చు.”

“పొరపాటున తిప్పేదానికి గోళ్లరంగుతో గుర్తు పెట్టుకోరు. ఆదివారం ఒంటిగాడు కదా, అన్నం తినాలంటే ఎలా? బల్ల నింపేసి, స్పీడు తగ్గించి, స్టూలు మీద కూర్చుని తినేవాడు. నాలుగు బుష్షులు పాడైతే పక్కన పారేసేవాడు. అది మేనేజరుకి తెలియకుండా దాచుకున్న సుఖం. నువ్వు శాకాహారివి, ఆదివారం కోడికూర విలువ నీకు తెలియదు. అన్నం కోసం స్పీడు తగ్గించాడు. క్యారేజీ మూత మాత్రం తియ్యలేదు. తినబోయేలోపే ఎవరో పిలిచారు, పౌడరు గదిలోకి వెళ్లాడు. ఒంటిగంట దాటిన కాసేపటికే మనిషి పోయాడు.”

“మరి మూడింటికి ముల్లు నలభై మీదే ఉందిగా?”

“లక్ష్మీదుర్గ వస్తూనే మామూలుగా తిప్పేసి ఉంటుంది. నువ్వు అడిగితే చెప్పలేదు, నేను అడిగినా చెప్పలేదు. చచ్చిపోయినవాడికి దొంగపని చేశాడని పేరొస్తుందని దాచింది. తన మెడకి ఉరి బిగుస్తుంటే ఆయన పరువు చూసుకుంటోంది పిచ్చితల్లి.”

హేమంత్‌కుమార్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గెలిచినందుకు సంతోషం కలగాలి గాని చంద్రకళకి అలాంటిదేం కలగలేదు. కొలిమి దగ్గరున్న ఇద్దరూ ఒకరి గుట్టు ఒకరు కాపాడుకున్నారు. ఆ సంగతి వాళ్లిద్దరికి తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు.

“అయితే రెండున్నరకి టీ ఇచ్చానన్నాయన...” అన్నాడు నెమ్మదిగా.

“శవానికి ఇచ్చాడు. బల్ల అరగంటకి సరిపోతుందని ఆయనకి తెలుసు. ఆ జానెడు వరసలు మిగిలాయని తెలిశాక, దానికి సరిపోయేలా వెనక్కి లెక్క కట్టి టీ కథ అల్లాడు. భోజనం స్పీడు సంగతి ఆయనకి తెలియదు కాబట్టి దొరికిపోయాడు.” బ్యాగు బొత్తానికి ఇంకా వేలాడుతున్న ఇనుప రజను చూపించింది. “ఎందుకు చంపాడో ఇదిగో. కంచు డ్రమ్ముల్లో కలిపింది ఇదే. శ్యామ్ సుందర్‌ని స్టేషనుకి పిలిపించు.”

హేమంత్‌కుమార్ ముఖంలో రంగు మారింది.

“పిలవక్కర్లేదు మేడం. ఆయనే వచ్చాడు. గంట కిందట.”

“వస్తే?”

“ఇంకా అరెస్టు చూపించలేదు కదా. ఆడమనిషిని పొద్దుగూకాక స్టేషన్లో ఉంచితే రేపు మీరే నన్ను కోర్టుకీడుస్తారు. పొద్దున్నే తెచ్చి అప్పజెబుతానని హామీ ఇచ్చాడు. లంకలో ఇంటి దగ్గర దింపుతానన్నాడు.” అతను జేబులో జీపు తాళాలు వెతుక్కున్నాడు. “ఆవిడకి ఇంకెవరూ రాలేదండీ. ఆయనొక్కడే వచ్చాడు.”

చంద్రకళ ఫోను మోగింది. మధ్యాహ్నం ఇచ్చి పుచ్చుకున్న లక్ష్మీదుర్గ నంబరు.

“మేడం గారండీ, ఫోను ఇచ్చేశారండి నాకు. ఇంటికెళ్తున్నాను.” గొంతు తేలిగ్గా ఉంది, మధ్యాహ్నం విన్న గొంతులా లేదు. “మీ దగ్గర ఒక మాట దాచానండి, ఏమనుకోకండి. ఆదివారం అన్నం వేళకి సుబ్బరాజు గారు స్పీడు తగ్గించేవారండి. ఆ వేళ నేనెళ్లేసరికి పది మీదే ఉంది. నేనే మళ్లీ నలభైకి తిప్పాను. ఇందాక శ్యామ్ సుందర్ గారికి చెప్పేశానండి. నేను తప్ప తెలిసినవాళ్లు లేరు కదా, ఎంతకాలం దాచను?”

“లక్ష్మీదుర్గా, ఎక్కడున్నారు మీరు? చుట్టూ జనం ఉన్నారా?”

“లేరండి. కొల్లేటి గట్టు మీదున్నాం, ఊరింకా రాలేదు. ఆ మాట చెప్పాక ఆయన ఏమీ అనలేదండి పాపం. కారు పక్కకి తీసి ఆపారు. దిగి ఎటో చూస్తున్నారు.”

“నా మాట వినండి. ఫోను పెట్టకుండా కారు దిగి...”

“అయ్యో, కంగారు పడకండి మేడం గారూ. నేను ఒక్కదాన్నే లేనుగా. ఆయన తోడున్నారు.”

అటువైపు కారు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. “ఎవరమ్మా ఫోన్లో?” అని మెత్తటి గొంతు అడిగింది. లక్ష్మీదుర్గ మర్యాదగా, “చంద్రకళ గారండి” అంది. ఆ తర్వాత ఫోను ఆగిపోయింది.